మాత్రలో సమాధానము దొరకునా?

(ధ్యాన భాగములు: మార్కు 15:23, రోమా 7:15-25, గలతీ 5:22, 23)



గడచిన నెల యౌవనస్థుల కూడికలో ఇంటరు చదువుచున్న ఒక చిన్నవాడు లేచి నన్నొక ప్రశ్న అడిగెను. అతడు సెల్‌ఫోనులో ఒక ఇంగ్లీషు సినిమా చూచియుండెను. అందులో ఒక మనుష్యుడు ఒక చిన్న మాత్ర మింగగానే తాను ఎన్నడో విన్నదంతయు జ్ఞాపకమునకు వచ్చునట, కొద్ది దినములలో పుస్తకము వ్రాసి ముగించునట. "అయ్యగారూ, అలాంటి మాత్ర నిజంగా ఉంటుందా? ఉంటే మింగడం పాపమా?" అని అతడు అడిగెను. కూడినవారు నవ్విరి. నేను నవ్వలేదు. ఏలయనగా అతని ముఖములో పరీక్షల భయము కనబడెను.

ఆ పిల్లవాడు అడిగినది ఒక ప్రశ్న కాదు, రెండు. అట్టి మందు సాధ్యమా అనునది మొదటిది. సాధ్యమైనచో తగునా అనునది రెండవది. మొదటిది సైన్సుకు చెందినది, రెండవది మనస్సాక్షికి చెందినది. మొదటిదానిని విచారింపక రెండవదానిని గూర్చి ప్రసంగించువాడు పునాది లేకుండ గోడ లేపినవాడగును. కాబట్టి పాశ్చాత్య దేశముల కథకులు కల్పించిన మూడు మందులను తీసికొని, వాటిని వరుసగా పరీక్షించి చూతము.

1. తెలివినిచ్చు మాత్ర

ఆ చిన్నవాడు చూచిన సినిమా పేరు "లిమిట్‌లెస్". అది 2011లో వచ్చెను. అలన్ గ్లిన్ అను ఐర్లండు రచయిత 2001లో ప్రచురించిన ఒక నవలను బట్టి దానిని తీసిరి. మనుష్యుడు తన మెదడులో కొద్ది భాగమునే వాడుకొనుచున్నాడనియు, ఆ మాత్ర మిగిలిన భాగమును కూడ తెరచుననియు అందులో చెప్పుదురు.

ఈ మాట సత్యము కాదు. మన మెదడు ఇంచుమించు 1.4 కిలోల బరువుండును. అది శరీరపు బరువులో నూటికి 2 వంతులు మాత్రమే. అయినను మనము ఊరక కూర్చున్నప్పుడు సహితము శరీరము ఖర్చు చేయు శక్తిలో నూటికి 20 వంతులు అదియే తీసికొనుచున్నది. పనిలేని అవయవమును అంత ఖర్చుతో దేహము పోషింపదు. మెదడు బీడుపడిన భూమి కాదు. అందులో ప్రతి మడియు సాగులోనే యున్నది. పండుచున్న చేనికి మోతాదు మించి ఎరువు చల్లినయెడల పైరు మాడునని మీకు నేను చెప్పనక్కరలేదు.

మెలకువనిచ్చు మందులు నిజముగా కలవు. మొడాఫినిల్ అను మందును పట్టపగలు ఆపుకొనలేని నిద్రతో పడిపోవు రోగులకు డాక్టర్లు వ్రాయుదురు. అది ఆరోగ్యవంతుని కూడ మేల్కొలిపి యుంచగలదు గాని, చదువని పాఠమును అతని తలలో పెట్టజాలదు. పైగా పగలు నేర్చినదానిని మెదడు గట్టిపరచుకొనుటకు రాత్రి నిద్ర అవసరము. నిద్రను అమ్ముకొని జ్ఞాపకమును కొనదలచినవాడు విత్తనపు గింజలను వండుకొని తిన్న రైతువంటివాడు.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును చూడుడి. దేవుడు ఆ నలుగురు బాలురకు జ్ఞానము అనుగ్రహించెనని అందులో కలదు. అయినను వారు మూడేండ్లు కల్దీయుల విద్య నేర్చుకొనిరి. రాజు వారిని పరీక్షించినప్పుడు ఇతరులకంటె పది రెట్లు శ్రేష్ఠులుగా కనబడిరి. దేవుని వరము వారి మూడేండ్ల చదువును కొట్టివేయలేదు, దానిని ఫలింపజేసెను.

2. మనుష్యుని రెండుగా చీల్చు మందు

రెండవ కథ మరియు పాతది. రాబర్టు లూయీ స్టీవెన్సన్ అను స్కాట్లండు రచయిత 1886లో డాక్టర్ జెకిల్, హైడ్ అనువారి కథను ప్రచురించెను. జెకిల్ గౌరవముగల డాక్టరు. తనలోని మంచిని చెడును వేరుపరచినయెడల చెడుగు తన దారిని తాను పోవుననియు, మంచి నెమ్మదిగా బ్రదుకుననియు అతడు తలంచెను. పొడులను కలిపి ఒక మందు చేసికొని త్రాగెను. అప్పుడతడు హైడ్ అను దుర్మార్గుడై, రూపములో సహితము మారిపోయెను. మరల త్రాగినప్పుడు జెకిల్ అయ్యెను.

ఇది సాధ్యమా? ఒక గుక్కతో ఎముకలు పొట్టివగుట, దేహము చిన్నదగుట జరుగదు. ఎముక కరగుటకును పెరుగుటకును నెలలు సంవత్సరములు పట్టును. గాని త్రాగిన పదార్థము మనుష్యుని నడతను మార్చుట మాత్రము కల్పన కాదు. పగలు బిడ్డను భుజముపై మోసికొని తిరిగిన తండ్రి, రాత్రి సారా త్రాగివచ్చి ఆ బిడ్డనే తన్నుట మన వీధులలో చూచుచున్నాము. మెదడులో ఆలోచించి అదుపు చేయు భాగమును మత్తు ముందుగా మందగింపజేయును. పగ్గము విడిచిన ఎద్దు ఎక్కడికి పోవునో ఎవరికి తెలియదు?

ఆ కథలోని రెండు సంగతులు సైన్సుకు మిక్కిలి దగ్గరగా నున్నవి. మొదట మందు త్రాగినప్పుడే జెకిల్ హైడ్ అయ్యెను. తరువాత త్రాగకయే హైడ్ అగుచుండెను, జెకిల్‌గా మారుటకే మోతాదు పెంచవలసి వచ్చెను. వ్యసనము నడచు దారి ఇదియే గదా! మొదట సంతోషము కొరకు త్రాగినవాడు చివరకు మామూలు మనిషిగా నిలుచుటకే త్రాగవలసి వచ్చును. ఇక రెండవది. జెకిల్ కొనిన మొదటి పొడిలో ఏదో కల్తీ యుండెను, ఆ కల్తీయే పని చేసినదని అతడు తుదకు గ్రహించెను. అట్టి పొడి మరల దొరకక నశించెను. తన రక్షణను ఎక్కడిదో తెలియని పొట్లము మీద ఆధారపరచినవాని గతి అట్టిది.

అపొస్తలుడైన పౌలు కూడ తనలో రెండు నియమములు పోరాడుచున్నవని రోమా పత్రిక ఏడవ అధ్యాయములో ఒప్పుకొనెను. గాని ఆయన అడిగిన ప్రశ్నను గమనించుడి. "ఏది" నన్ను విడిపించునని ఆయన అడుగలేదు, "ఎవడు" విడిపించునని అడిగెను. జెకిల్ ఒక వస్తువును వెదకెను. పౌలు ఒక వ్యక్తిని కనుగొనెను. ఈ చిన్న తేడాలోనే సువార్త యంతయు ఇమిడియున్నది.

3. దుఃఖము మరపించు బిళ్ళ

మూడవ కథను ఆల్డస్ హక్స్‌లీ అను ఇంగ్లండు రచయిత వ్రాసెను. ఆయన 1932లో ప్రచురించిన "బ్రేవ్ న్యూ వరల్డ్" అను నవలలో రాబోవు కాలపు ప్రజలందరికి ప్రభుత్వమే ఒక బిళ్ళ పంచిపెట్టును. దాని పేరు సోమ. ఈ పేరును ఆయన మన దేశపు వేదములలోని సోమరసమునుండి తీసికొనెను. చింత కలిగినచో ఒక బిళ్ళ, కోపము వచ్చినచో ఒక బిళ్ళ. మరునాడు తలనొప్పి యుండదు. అల్లరి చేసిన గుంపుమీద పోలీసులు దాని ఆవిరినే చల్లుదురు. అప్పుడు అందరు ఒకరినొకరు కౌగిలించుకొందురు. ఆ రాజ్యములో దేవుని మందిరము అక్కరలేదు, ఆ పనిని బిళ్ళయే చేయుచున్నది.

ఈ నవల వచ్చిన తరువాత ముప్పది యేండ్లు గడువకమునుపే మనస్సును నెమ్మదిపరచు మాత్రలు నిజముగానే అమ్మకమునకు వచ్చినవి. 1955లో మెప్రోబమేట్, 1960లో లిబ్రియం, 1963లో వాలియం అను మాత్రలు అమెరికా దేశములో అమ్మిరి. హక్స్‌లీ ఊహ వట్టి ఊహ కాదని దీనిచేత తెలియుచున్నది.

అయితే ఒక విషయములో నవల సైన్సును మించిపోయెను. మెదడులో నరములను నెమ్మదిపరచు ఒక సహజ పదార్థము కలదు. వాలియం వంటి మాత్రలు దాని పనికి బలమిచ్చును. మాత్ర దినదినము వచ్చుచుండగా మెదడు దానికి అలవాటుపడి, తన సొంత అదుపును సడలించుకొనును. అప్పుడు పాత మోతాదు చాలదు. ఒక్కసారిగా మానినయెడల వణుకు, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు వచ్చును. దేహము కరణముకంటె ఖచ్చితముగా లెక్కలు వ్రాయును. రోజు రోజు మింగినను మూల్యము అడుగని మందు కథలోనే గాని మందుల షాపులో లేదు. హక్స్‌లీ కూడ దీనిని ఎరిగినట్లే కనబడుచున్నది. ఆయన కథలో లిండా అను స్త్రీ మితిలేక ఆ బిళ్ళలు మింగి మింగి చనిపోయెను.

4. మన పొలిమేరలోనే

ఇదంతయు దూరదేశపు కథ యని కొందరు అనుకొందురు. సహోదరులారా, తెలుగు పల్లెలలో ఆ బిళ్ళ పేరు సోమ కాదు, కల్తీ కల్లు. చెట్టు కల్లు చాలక, నీళ్ళలో అల్ప్రాజోలం, డయజిపాం అను మత్తు మందులను కలిపి కల్లని అమ్మువారు కలరు. పైన చెప్పిన వాలియమునకు అసలు పేరు డయజిపామే. అల్ప్రాజోలం దాని జాతిదే. రోగికి కొద్దిగా, లెక్కగా ఇయ్యవలసిన ఔషధమును లెక్క తెలియనివాడు కుండలో కలుపుచున్నాడు.

2015లో తెలంగాణలో అధికారులు ఈ కల్తీని అరికట్టబోగా, అలవాటుపడినవారు అనేకులు ఆస్పత్రుల పాలైరి. వారిలో వణుకు, మూర్ఛలు, మతి తప్పిన మాటలు కనబడెను. వారిలో ఎక్కువమంది తాము మత్తు మందు మింగుచున్నామని ఎరుగని కూలి జనులు. ఒళ్ళు నొప్పులు మరచుటకు సాయంకాలము ఒక సీసా త్రాగితిమనియే వారి తలంపు. కథలో పాలకులు పంచిన బిళ్ళను ఇక్కడ లాభమునకు ఆశపడినవారు పంచిరి. ఎవరు పంచినను ఫలితము ఒకటే. అలసినవాడు తన అలసటకు కారణమేమని అడుగుట మానివేయును. కూలి చాలదని అడుగడు, అప్పు ఎందుకు తీరలేదని అడుగడు.

5. లోపము లేని మందు వచ్చినచో?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. రేపొక దినమున శాస్త్రజ్ఞులు అలవాటు కలిగింపని, దేహమును చెరుపని సోమను నిజముగా కనుగొన్నారనుకొందము. అప్పుడు క్రైస్తవుడు దానిని మింగవచ్చునా? "ఆరోగ్యమునకు చెరుపు" అను మాట మన చేతినుండి తీసివేయబడినది. ఇక ఏమి చెప్పుదుము?

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారి పనిని జ్ఞాపకము చేసికొనుడి. కుష్ఠురోగులకు చేతివ్రేళ్ళు ఎందుకు పోవుచున్నవని ఆయన శ్రద్ధగా పరిశీలించెను. రోగము వలన మాంసము దానంతట అదే కుళ్ళి రాలుచున్నదని అంతకుమునుపు అనేకులు తలంచుచుండిరి. ఆయన చూచినది వేరు. రోగము నరములను చెరుపగా నొప్పి తెలియకపోయెను. నొప్పి తెలియనందున కాలుచున్న గిన్నెను పట్టుకొనిరి, ముల్లు దిగిన కాలితో నడచిరి. గాయముపై గాయమై అవయవము నశించెను. నొప్పి శత్రువు కాదనియు, దేహమును కాయుటకు దేవుడు పెట్టిన కావలివాడనియు ఆయన సాక్ష్యమిచ్చెను.

హృదయమునకు కూడ అట్టి కావలివాడు కలడు. తప్పు చేసినప్పుడు గుచ్చుకొను మనస్సాక్షి, ప్రియులు చనిపోయినప్పుడు కలుగు దుఃఖము, పొరుగువాని ఆకలి చూచినప్పుడు కలుగు కలత, ఇవి ఆత్మకున్న నరములు. భార్యను కొట్టినవాడు సోమ మింగి హాయిగా నిద్రించినయెడల అతని నొప్పి పోయెను గాని ఆమె గాయము పోలేదు. సహోదరునికి ఋణపడినవాడు మాత్రతో నెమ్మది పొందినయెడల అతని గుండె తేలికయైనది గాని అప్పు తీరలేదు. కాబట్టి సంపూర్ణమైన సోమ దేహమును చెరుపకపోయినను అబద్ధమాడును. సమాధానము లేని చోట సమాధానమున్నదని చెప్పును. యిర్మీయా కాలపు అబద్ధ ప్రవక్తలు ప్రజల గాయమును పైపైన మాన్పి చేసినది ఇదియే (యిర్మీయా 6:14).

ఆత్మ ఫలములలో సమాధానము ఒకటి యని గలతీ పత్రిక చెప్పుచున్నది. ఫలమను మాటను మీరు నాకంటె బాగుగా ఎరుగుదురు. మామిడిపండు చెట్టు చేసిన పని కాదు, చెట్టు బ్రదికిన బ్రదుకు. దానికి వేరు కావలెను, వాన కావలెను, ఎండ కావలెను. రంగు పూసిన మట్టిపండు ఒక్క గడియలో సిద్ధమగును, గాని దానిలో టెంక యుండదు.

6. నా తప్పు

ఇంతవరకు చదివి, "అయితే మనస్సుకు సంబంధించిన మందులన్నియు విడువవలెను" అని ఎవరైన తీర్మానించుకొందురేమో యని నాకు భయము. ఆ భయమునకు కారణము కలదు. కొన్ని యేండ్ల క్రిందట నేను కల్లునకు, మత్తునకు విరోధముగా బహు ఆవేశముతో ప్రసంగించి, విశ్వాసమున్నవానికి మాత్రలతో పనియేమని ఒక మాట జారవిడిచితిని. సంఘములో ఒక సహోదరుడు మూర్ఛరోగమునకు మాత్రలు వాడుచుండెను. అతడు నా మాటను దేవుని మాటగా ఎంచి మాత్రలు మానివేసెను. పది దినములు గడువకమునుపే పొయ్యిదగ్గర మూర్ఛవచ్చి పడెను. ప్రాణము దక్కెను గాని ఆ మోచేతి మచ్చ ఇప్పటికిని ఉన్నది. ప్రతి ఆదివారము ఆ చేతిలో రొట్టె పెట్టునప్పుడు నా నాలుక నాకు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన నన్ను క్షమించెను. నేను మరచుటకు ప్రయత్నింపలేదు. ఇట్టి నొప్పిని మాత్రతో పోగొట్టుకొనరాదు.

నిప్పు లేకయే మ్రోగు గంట కూడ కలదు. మూర్ఛరోగము, మతి చలించుట, కారణము లేకయే నెలల తరబడి మంచము విడువనియ్యని దిగులు, ఇవి పాపపు గుర్తులు కావు, అవిశ్వాసము కావు. కావలివాడే జబ్బుపడినప్పుడు వానికి వైద్యము చేయవలెను. హిజ్కియా పుండుమీద యెషయా అంజూరపు ముద్ద కట్టించెను (యెషయా 38:21). మంచి సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసి గాయము కట్టెను. పౌలు తిమోతి కడుపు జబ్బుకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను. డాక్టరు వ్రాసిన మాత్రలను నా మాట విని గాని మరి ఏ బోధకుని మాట విని గాని ఎవరును మానకుడి. మానవలసి వచ్చినయెడల ఆ డాక్టరునే అడిగి, ఆయన చెప్పినట్లు కొద్దికొద్దిగా మానుడి.

7. సిలువయొద్ద

మన ప్రభువును సిలువ వేయుటకుముందు బోళము కలిపిన ద్రాక్షారసమును ఆయనకు ఇయ్యజూపిరి. బాధను తగ్గించుటకు ఇచ్చు పానమని పలువురు వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. ఆయన దానిని పుచ్చుకొనలేదు. తరువాత దప్పిగొన్నప్పుడు వారిచ్చిన చిరకను మాత్రము పుచ్చుకొనెను (యోహాను 19:28-30). బాధ మంచిదని ఆయన బోధింపలేదు. రోగుల బాధను తన చేతులతోనే తీసివేసెను. అయితే ఆ ఘడియలో ఆయన చేయవలసిన పని కలదు. తన్ను సిలువ వేసినవారిని క్షమింపవలెను, దొంగతో మాటలాడవలెను, తల్లిని శిష్యునికి అప్పగింపవలెను. మత్తులో ఈ పనులు జరుగవు. ప్రేమించుటకు మెలకువ కావలెను గనుకనే ఆయన మత్తును నిరాకరించెను.

ఇక్కడ మనకు కొలబద్ద దొరకినది. ఏ మందునైనను ఇట్లు అడుగుడి: ఇది నన్ను నా యింటివారియొద్దకు, నా పనియొద్దకు, నా దేవునియొద్దకు మరల తీసికొనివచ్చుచున్నదా, లేక వారినుండి దాచుచున్నదా? మూర్ఛరోగియైన ఆ సహోదరుని మాత్ర అతనిని పొలమునకును, పిల్లలయొద్దకును, ప్రభువు బల్లయొద్దకును తెచ్చుచున్నది. అది దేవుని ఈవి. కల్తీ సీసా మనుష్యుని తన గుమ్మములోనే పరదేశిగా చేయుచున్నది. అది మనలను కాల్చు నిప్పు.

ఆ చిన్నవానికి నేనిచ్చిన జవాబు ఇది. "నాయనా, అలాంటి మాత్ర లేదు. ఉన్నా అది నీ బదులు పరీక్ష రాస్తుంది గాని నిన్ను పెంచదు. రేపటినుంచి సాయంకాలం పుస్తకాలు తీసుకొని పాదిరి ఇంటికి రా. దీపం ఉంది, బల్ల ఉంది. పది గంటలకు నిద్రపోవాలి, అది మాత్రం ఒప్పందం." అతడు వచ్చుచున్నాడు. అతని వెంట మరి ముగ్గురు వచ్చుచున్నారు. లెక్కలు నాకును కష్టముగానే యున్నవి.

ప్రార్థన: ప్రభువా, మా గాయములను పైపైన కాక లోతుగా మాన్పుము. ఔషధములకై నీకు స్తోత్రము, వాటిని దేవుళ్ళుగా చేసికొనకుండ మమ్మును కాపాడుము. నీవు మాకు అప్పగించిన వారిని ప్రేమించుటకు మమ్మును మెలకువగా నుంచుము. ఆమేన్.